మింగేసిన నాలుగు చుట్లు

ఏప్రిల్ 5

తమ్ముడూ,

వేసవి కచేరీల కాగితం అచ్చయి వచ్చింది. ఒకటి ఇందులో మడిచి పెట్టాను. ఈ మే నెలలో అయిదు శనివారాలు పడ్డాయి. ఈ ఊళ్ళో జాజ్ నిజంగా వినేవాళ్ళని పోగేస్తే ఒక్క శనివారానికి కూడా చాలరు. మిగతావాళ్ళంతా మన క్లబ్బు నేలమాళిగలో ఉంది కాబట్టి చల్లగా ఉంటుందని వస్తారు. రానీ, చల్లదనానికైనా టికెట్ కొంటున్నారు.

మొదటి శనివారం గుసగుస. ఆ అమ్మాయిని నువ్వెరగవు, నువ్వు వెళ్ళిపోయాక వచ్చింది. పాడదు, మైకు చెవిలో చాడీలు చెబుతుంది. అదే ఇప్పటి పద్ధతిట. ముందు వరసవాళ్ళు ఏదో రహస్యం తెలిసినట్టు మొహాలు పెడతారు, వెనక వరసవాళ్ళు మైకు పాడైందేమోనని నా వైపు చూస్తారు. రెండో శనివారం బ్యాంకువాళ్ళు. అయిదుగురూ ఒకే బ్రాంచి, ఒకే రకం చొక్కాలు. పాట మధ్యలో ఎవరి వంతు వచ్చినా "ముందు మీరు కానివ్వండి" అని మొహమాటపడతారు, చివరికి ఎవరూ కానివ్వరు. మూడో శనివారం మన సాక్సఫోన్ లెక్చరరే. గంటసేపు జాజ్ గురించి చెప్పి పది నిమిషాలు వాయిస్తాడు. చెప్పేటప్పుడే కునుకు తీసినవాళ్ళు తెలివైనవాళ్ళు, వాయించేటప్పుడు నిద్ర పట్టదు. నాలుగో శనివారం కాలేజీ పిల్లలు. వాళ్ళు బాగానే వాయిస్తారు. అందుకే వాళ్ళంటే నాకు మరీ మంట.

ఈ నాలుగు వారాలూ డ్రమ్స్ మన వీధి చివర ఈమధ్య క్లినిక్ పెట్టిన పళ్ళ డాక్టరే. గతిలేక పెట్టుకున్నాను. పాట మొదలుపెట్టే ముందు "నొప్పి అనిపిస్తే చెయ్యెత్తండి" అంటాడు. మొదట్లో హాస్యమాడుతున్నాడనుకున్నాను. కాదు, అలవాటు.

ఆఖరి శనివారం పియానో నేను. ట్రంపెట్ ఉండదు. మావయ్య నిలబడిన చోట ఇంకొకరి మూతి చూడలేను. డ్రమ్స్ అని వేసి, దాని పక్కన చుక్కలు పెట్టించాను. అచ్చువేసేవాడు ఫోను చేసి, "అమ్మా, ఇక్కడ పేరు మర్చిపోయారు" అన్నాడు. మర్చిపోలేదు, అలాగే వెయ్యి అన్నాను.

లెక్చరర్ నా కాలి మీద మళ్ళీ ఫిర్యాదు చేశాడు. వాయిస్తూ నేను నేలకేసి కొట్టే లెక్క ఆయన రికార్డింగులో పడుతోందిట. "మీ తమ్ముడుగారు అప్పట్లో మెత్తటి రబ్బరు చెప్పులు కొనిచ్చారు కదండీ, అవి వేసుకోవచ్చుగా" అంటాడు. అవి అటకెక్కి కూర్చున్నాయి. ఒక్కసారి వేసుకున్నాను. నడుస్తుంటే నేనున్నానో లేనో నాకే తెలియలేదు. నాకు నా చెక్కమడమల చెప్పులే నయం.

పైన రంగుల దుకాణంవాడు కొత్త వార్నిష్ తెప్పించాడు. కచేరీకి వచ్చినవాళ్ళు ఆ వాసనకి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, సంగీతానికి కరిగిపోయారని గుసగుస సంబరపడుతుంది. ఆ అమ్మాయికి నేను చెప్పలేదు.

నీ జవాబు కోసం గుమ్మంలో కూర్చోని,
అక్క


ఏప్రిల్ 13

అక్కా,

కాగితం చేరింది. చదివి, హోటల్లో నా పక్కన పియానో వాయించేవాడికి చూపించాను. వాడు చాలా బాగుందన్నాడు. వాడికి అన్నీ చాలా బాగుంటాయి, అందుకే వాడు ఇక్కడున్నాడు. నేనెందుకున్నానని నువ్వు అడుగుతావు, అడక్కు.

ఇక్కడ సంగతి తెలిసిందేగా. సాయంత్రం టీ తాగేవాళ్ళకి లాబీలో వాయించడం. కొత్త మేనేజరు వచ్చాడు. చెంచాల చప్పుడు కన్నా నా డ్రమ్స్ చప్పుడు పెరగకూడదని రూలు పెట్టాడు. కర్రలు లోపల పెట్టేసి బ్రష్షులతో తుడుస్తూ ఉంటాను. లాబీ తుడిచే ఆవిడా నేనూ ఒకటే పని చేస్తున్నాం. ఆవిడకి చివర్లో చెత్తయినా కనిపిస్తుంది.

ఇక నీ చుక్కలు. ఎవరని నేను అడగక్కర్లేదు. నాలుగు వారాలు ఎవరు కూర్చుంటారో అయిదో వారమూ వాళ్ళే కూర్చుంటారు. పళ్ళ డాక్టరు పేరు అక్కడ అచ్చులో వేయడానికి నీకే సిగ్గేసి చుక్కలు పెట్టావు. ఆఖరి శనివారం ఇంట్లోవాళ్ళది అని పెట్టింది మావయ్య. ఆయన ట్రంపెట్, నువ్వు పియానో, నేను డ్రమ్స్. బయటివాళ్ళకి ఆ రోజు కుర్చీలే గానీ వాయిద్యాలు లేవనేవాడు. క్లబ్బు మనిద్దరికీ వదిలి పోయినప్పుడు కూడా ఆ ఒక్క మాటే చెప్పి పోయాడు. ఆ స్టూలు మీద పళ్ళు పీకేవాడిని కూర్చోబెడతావా? కూర్చోబెట్టు. నాకేం.

పదకొండేళ్ళుగా నాకేం అనే అంటున్నాను, ఇప్పుడు కొత్తగా ఏమవుతుంది.

నీ కాగితంతో పాటు వార్నిష్ వాసన ఇక్కడికి కూడా వచ్చింది.

చెంచాల చప్పుడు దాటని,
తమ్ముడు


ఏప్రిల్ 21

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి పక్కన పెట్టి, పియానో మూత తుడిచి, మళ్ళీ చదివాను. రెండోసారి కూడా బుద్ధి కనిపించలేదు.

నీ డ్రమ్స్ స్టూలు ఉందే, దాని కింద మర తుప్పు పట్టి కూరుకుపోయింది. డాక్టరు తన క్లినిక్‌లో కుర్చీకి పోసే నూనె తెచ్చి పోశాడు. ఇద్దరం కలిసి తిప్పి తిప్పి పైకి లేపి బిగించాం. డ్రమ్ములకి తోళ్ళు కూడా మార్పించాను. ఊరికే చెబుతున్నాను.

చుక్కలు ఎవరివని నీకు నువ్వే తేల్చేసుకున్నావు. మావయ్య ఖాళీ వదిలినప్పుడు ఆ ఖాళీ ఎవరిదని ఆయన్ని నిలబెట్టి అడిగేవాడివా? మనకేం నేర్పాడు? పాట నడుస్తుండగా ఉన్నట్టుండి ట్రంపెట్ దించేవాడు. పిలవడు, సైగ చెయ్యడు, మన వైపు చూడను కూడా చూడడు. నాలుగు దెబ్బలకి ఒక చుట్టు, అలాంటివి నాలుగు చుట్లు ఖాళీ. మన వంతైతే మనం దూరాలి. "అడిగితే గానీ రానివాడు అల్లుడు, అడక్కుండా మీదపడేవాడు దొంగ, ఖాళీ చూసుకుని వచ్చేవాడు వాద్యగాడు" అనేవాడు. నీకది గుర్తుంటుందనుకున్నాను. చెంచాలు లెక్కపెట్టి పెట్టి పోయినట్టుంది.

గుసగుస రిహార్సల్‌కి వచ్చి మైకు మరీ గట్టిగా ఉందంది. మైకు ఇంకా పెట్టనే లేదు.

అక్క


ఏప్రిల్ 28

అక్కా,

ఖాళీ వదలడం గురించి నువ్వు నాకు చెబుతున్నావు. గురివింద గింజకి తన నలుపు తెలియదంటే ఇదే.

అయితే చెప్పుకుందాం. పదకొండేళ్ళుగా గుసగుసల గురించీ వార్నిష్ గురించీ రాసుకున్నాం గానీ ఆ ఒక్క రాత్రి గురించి నువ్వూ రాయలేదు, నేనూ రాయలేదు. మావయ్య పోయాక వచ్చిన మొదటి వేసవి. ఆఖరి శనివారం. క్లబ్బు నిండిపోయి మెట్ల మీద కూడా కూర్చున్నారు. మనిద్దరమే. చివరి పాటలో నా నాలుగు చుట్లు వచ్చాయి. నేను కర్రలెత్తి కూర్చున్నాను. నువ్వు ఆగలేదు. నా నాలుగు చుట్లూ నువ్వే వాయించేసి, అన్నం తిన్నట్టు తినేసి, మిగతా పాట కూడా ఊడ్చేశావు. ఎత్తిన కర్రలు దించుకుని నేనక్కడ దిష్టిబొమ్మలా కూర్చున్నాను. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట. నువ్వు మింగినందుకు కాదు నా బాధ. పాట అయ్యాక లెక్చరర్ నా దగ్గరికొచ్చి "ఆ నిగ్రహం అద్భుతం" అన్నాడు చూడు, అందుకు. మర్నాడే హోటల్ ఉద్యోగానికి వచ్చేశాను.

ఇప్పుడు నా చోట డాక్టర్ని కూర్చోబెట్టడానికి స్టూలు ఆయన కొలతకి బిగించి, అది నాకే రాసి పంపుతావా?

ఒక్కటి అడుగుతున్నాను. గోడకి తగిలించి ఉన్న మావయ్య పళ్ళెం నాకు పంపించెయ్యి. డ్రమ్ముల పక్కన మోగించే, అంచు చీలిన ఆ పెద్ద ఇత్తడి సింబల్‌ని ఆయన నా చేతికే ఇచ్చాడు, దానికి పళ్ళెం అని పేరు పెట్టింది కూడా నేనే. డాక్టరు దాన్ని ముట్టుకున్నాడని వింటే నాకు అన్నం సహించదు.

దిష్టిబొమ్మ


మే 4

తమ్ముడూ,

ఆడలేక మద్దెల ఓడు అన్నారు. నువ్వు మద్దెల పక్కన కూర్చుని కూడా అదే అంటున్నావు.

నేను మింగానా? ఆ రాత్రి నేను చేతులు తీసేశాను. మొదటి చుట్టు సగం దాకా ఖాళీ వదిలాను. నువ్వు రాలేదు. మూడో వరసలో కళ్ళజోడు పెట్టుకున్న అమ్మాయిని చూస్తున్నావు. కర్రలు గాలిలో, కళ్ళు జనంలో. మావయ్య లేని మొదటి ఆఖరి శనివారం, ఊరంతా మన మొహాలు చూస్తోంది, అంత ఖాళీ అలా నోరు తెరుచుకుని పడి ఉంటే నేనేం చెయ్యను? నింపాను. నీ పరువు కాపాడాను. దానికి నువ్వు మర్నాడు పెట్టె సర్దుకుని పోయావు. నేను కూడా ఇన్నేళ్ళూ ఎందుకు నోరు విప్పలేదంటే, తన వంతుకి రాని డ్రమ్మరు నా తమ్ముడని చెప్పుకోవడం ఇష్టం లేక.

పళ్ళెం అడిగావు. ఇక ఈ మెట్లు దిగవని నాకు అర్థమైంది. అర్థమయ్యాక బతిమాలే రకం కాదు నేను. గోడ మీంచి దింపాను. దాని చోట గుండ్రంగా తెల్ల మచ్చ మిగిలింది, రంగులవాడు వేస్తానన్నా వద్దన్నాను. డాక్టరు పళ్ళ డాక్టర్ల సమావేశానికి మీ ఊరు వస్తున్నాడు. దుప్పటిలో చుట్టి ఆయన చేతే పంపుతున్నాను. ముట్టుకోకుండా తీసుకెళ్ళమని చెప్పాను, ఎలాగో ఆయన్నే చూసుకోమన్నాను.

గుసగుస కచేరీ అయింది. బాగా ఆడింది. వినపడితే కదా బాగోలేదనడానికి.

అక్క


మే 12

అక్కా,

మీ డాక్టరు వచ్చాడు. సాయంత్రం లాబీలో వాయిస్తున్నాను, ఒడిలో పసిపిల్లని పట్టుకున్నట్టు దుప్పటి మూట పెట్టుకుని ఒకాయన వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. పాట అవగానే చప్పట్లు కొట్టాడు. ఈ హోటల్లో ఇన్నేళ్ళలో నాకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. టీ తాగేవాళ్ళందరూ తిరిగి చూశారు. మేనేజరు చూశాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

తరవాత నా చెయ్యి పట్టుకుని, "మీరు చాలా మెత్తగా వాయిస్తారండీ, పేషెంటుకి తెలియనే తెలియదు" అన్నాడు. పొగిడాడో తిట్టాడో ఇప్పటికీ తేలలేదు.

నేనూ మర్యాదకి, ఆఖరి శనివారానికి తయారవుతున్నారా అని అడిగాను. ఆయన తెల్లబోయాడు. "నాదెక్కడండీ, నేను అడిగాను, ఆ రోజు వేరేవాళ్ళదని మీ అక్కగారు కసిరారు" అన్నాడు. అంటే చుక్కలు ఆయన కావు. సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మరి ఎవరు? ఆయన నా భుజం దాకా కూడా లేడు. స్టూలు పైకి లేపి బిగించామన్నావు. ఆయన అంత ఎత్తున కూర్చుంటే కాళ్ళు గాల్లో ఊగుతాయి. కాబట్టి ఎవడో పొడుగాటివాడిని తెస్తున్నావు. పెద్ద పేరున్నవాడై ఉంటాడు, అందుకే రహస్యం. కొత్త తోళ్ళు కూడా వాడి కోసమే. నేను అక్కడున్నన్నాళ్ళూ చిరిగిన తోలుకి అతుకులేసుకుని వాయించాను. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు.

పళ్ళెం చేరింది. నా గదిలో మంచం కింద పెట్టాను. ఇక్కడ దాన్ని కొడితే ఉద్యోగం పోతుంది.

అతుకుల,
తమ్ముడు


మే 18

తమ్ముడూ,

నీకు ఉత్తరం రాయడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. అయినా మావయ్య ఊపిరి మనకీ కొంత వచ్చింది కాబట్టి ఇంకోసారి ఊదుతున్నాను.

లెక్చరర్ కచేరీ అయింది. ఈసారి గంటన్నర మాట్లాడాడు. మౌనం గురించి. బ్యాంకువాళ్ళు ముందు వారం వాయించారు, చివరి పాట ఎవరూ ఆపలేకపోయారు, ఎవరు ముందు ఆపాలో తెలియక. చివరికి డాక్టరు "అయిపోయింది, పుక్కిలించండి" అన్నాక ఆగారు. నిజంగా అన్నాడు. జనం పగలబడి నవ్వారు, ఈ వేసవిలో వాళ్ళకి నచ్చినది అదొక్కటే.

ఇక నీ పొడుగాటివాడు. ఈ ఊరివాళ్ళలో డ్రమ్స్ వాయించే పొడుగాటి వెధవలు ఎంతమంది ఉన్నారో నువ్వే వేళ్ళమీద లెక్కపెట్టు. ఒక వేలు చాలు. వాడికి ముక్కు మీద కోపం, మోకాళ్ళలో మెదడు. ఆఖరి శనివారం ఇంట్లోవాళ్ళదని నాకు పాఠం చెప్పి, ఆ ఇంట్లో ఇంకెవరు మిగిలారో వాడు చూసుకోలేదు. స్టూలుని దాని కొయ్య మీద మావయ్య అప్పట్లో గీసిన గీత దగ్గరికే బిగించాను. అది ఎవరి గీతో వాడికి తెలుసు.

ఇంతకన్నా నా చేత చెప్పించకు. ఇప్పటికే ఎక్కువ చెప్పాను. మావయ్య వింటే నన్ను బెంచీ ఎక్కించేవాడు.

అక్క


మే 24

అక్కా,

నీ ఉత్తరం చదివి మంచం మీద కూర్చున్నాను. మంచం కింద పళ్ళెం, పైన నేను, ఇద్దరికీ నోరు లేదు.

అర్థమైంది. మెదడు మోకాళ్ళలో ఉన్నా అక్కడిదాకా చేరింది. కానీ నువ్వు నన్ను పిలవలేదు. చుక్కలు పెట్టావు, స్టూలు లేపావు, తిట్టావు. పిలవడం ఇంకా కాలేదు. పిలవని పేరంటానికి వెళ్ళినవాడిలా ఆ మెట్లు దిగలేను. ఆ రాత్రి దిగి వెళ్ళిపోయింది నేను. లేదు, ఎక్కి వెళ్ళిపోయాను. ఏదైనా ఒకటే.

ఇక్కడ రోజూ రాసిచ్చిన కాగితం చూసి వాయిస్తాను. ఎక్కడ కొట్టాలో, ఎక్కడ ఆగాలో, అన్నీ రాసి ఉంటాయి. ఖాళీ చూసి దూకడం నాకిప్పుడు చేతనవునో కాదో తెలియదు. భయంగా ఉంది, అది కూడా రాసేస్తున్నాను, నవ్వుకో.

"రా" అని రాయి. ఒక్క అక్షరం. దానికి నీ సొమ్మేం పోతుంది? అది చూస్తే శనివారం బస్సెక్కుతాను. లేకపోతే లేదు.

తమ్ముడు


మే 26

తమ్ముడూ,

కచేరీ ఏడింటికి. టికెట్లు ఇంకా దొరుకుతున్నాయి.

అక్క


మే 31

తమ్ముడూ,

వచ్చావు. చూశాను. నీదేం మొహమో గానీ సొంత క్లబ్బుకి టికెట్ కొనుక్కుని వచ్చినవాడిని నిన్నే చూశాను. మెట్లు దిగి, చంకలో దుప్పటి మూటతో వెనక నిలబడ్డావు. డాక్టరు నిన్ను చూసి "వచ్చేశారు" అని అరవబోతే నేను వెనక్కి తిరక్కుండానే ఉష్ అన్నాను. నువ్వు నా వైపు చూడకుండా వెళ్ళి స్టూలు మీద కూర్చున్నావు. దాని ఎత్తు సరిచేసుకోవడానికి చెయ్యి కిందికి పెట్టి, తీసేశావు. సరిగ్గా ఉందని నాకు అప్పుడే తెలిసింది.

మొదటి మూడు పాటలూ వాయించావు, పరవాలేదు. హోటల్ వాసన ఉంది, పళ్ళెం మీద రెండు దెబ్బలు పడ్డాక తగ్గింది.

ఆఖరి పాటలో నేను చేతులు తీసేశాను. నాలుగు చుట్లు. నీ వంతు. పదకొండేళ్ళ కిందటి అదే పాట, అదే చోటు. నువ్వేం చేశావు? కర్రలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావు. నాలుగు చుట్లూ. ఒక్క దెబ్బ లేదు. ఈసారి నేను నింపలేదు, చచ్చినా నింపనని ముందే అనుకున్నాను. పైన రంగులవాడి ఫ్యాను తిరగడం వినిపించింది. లెక్చరర్ కళ్ళు మూసుకుని తలాడించాడు. ఆయనకది మౌనమట.

మళ్ళీ వంతు వచ్చినప్పుడు వాయించావు. దాని గురించి ఏమీ రాయను. డాక్టరు చెయ్యెత్తాడు, నొప్పి అనిపిస్తే ఎత్తమన్నది ఆయనేగా. కళ్ళు తుడుచుకుంటున్నాడు. వార్నిష్ కాదు.

పాట అవగానే కర్రలు అక్కడే పడేసి, పళ్ళెం స్టాండు మీదే వదిలేసి, మెట్లెక్కి బస్సుకి పోయావు. ఆ నాలుగు చుట్లు నన్ను అవమానించడానికే ఖాళీగా పడేశావు. అంత దూరం వచ్చింది బాకీ తీర్చుకోవడానికా? చల్లారిందా?

అక్క


జూన్ 7

అక్కా,

చల్లారడానికి కాదు. నువ్వెప్పుడూ ఇంతే, సగం విని మొత్తం తిడతావు.

నువ్వు నిజంగా ఆగుతావా లేదా అని చూద్దామనుకున్నాను. ఒక్క చుట్టు చూసి దూకుదామని. నువ్వు చేతులు తీశావు. ఆగావు. అప్పుడు వినిపించింది. నీ కాలు. చెక్కమడమ నేలకేసి కొడుతూ నా చుట్లు లెక్కపెడుతోంది. అంత గట్టిగా కొడతావా నువ్వు? లెక్చరర్ ఏడవడంలో తప్పులేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, నా కోసం దారి పట్టుకుని నిలబడినట్టు. నా చేతులు లేవలేదు. నాలుగు చుట్లూ అదే వింటూ కూర్చున్నాను. తరవాత అక్కడుంటే ఏడ్చేవాణ్ణి, అందుకే బస్సుకి పరిగెత్తాను. పళ్ళెం మర్చిపోలేదు. దాని చోటు అదే.

బస్సులో ఒకటి తెలిసింది. మావయ్య చెప్పినట్టు నేనెప్పుడూ ఖాళీ చూసుకుని రాలేదు. చిన్నప్పటి నుంచీ నీ కాలు విని వచ్చాను. నీ కాలు మోగితే నాకు చోటున్నట్టు. హోటల్లో పియానోవాడి కాలు తివాచీ మీద ఉంటుంది, అందుకే ఇన్నేళ్ళూ కాగితం చూసి కొడుతున్నాను.

కాబట్టి తేలిందేమిటంటే, ఆ రాత్రి నీ కాలు మోగలేదు. మోగి ఉంటే నేను వచ్చేవాణ్ణి. కళ్ళజోడు అమ్మాయి కాదు, ఎవరూ కాదు. నీ కాలు కోసమే కర్రలెత్తి కూర్చున్నాను. అది రాలేదు. తప్పు నీదే.

రెండోసారి వాయించినదాని గురించి ఏమీ రాయనన్నావు. ఒక్క ముక్క రాయచ్చు.

మేనేజరుకి రాజీనామా ఇచ్చాను. చెంచాలు ఒకసారి టకటకలాడాయి, నాకు బాధేమీ కలగలేదు.

నీ కాలి మీద ఆధారపడిన,
తమ్ముడు


జూన్ 14

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి అటకెక్కాను. ఈ వయసులో నిచ్చెన ఎక్కించావు, అది కూడా నీ ఖాతాలోనే.

నువ్వు చెప్పింది నిజమే. ఆ రాత్రి నా కాలు మోగలేదు. కొట్టడం కొట్టాను, ఎప్పటిలాగే, మడమ నొప్పెట్టేలా. కానీ ఆ రాత్రి నా కాళ్ళకి ఉన్నవి నువ్వు ఆ మధ్యాహ్నమే కొనిచ్చిన రబ్బరు చెప్పులు. లెక్చరర్ మాట విని, మావయ్య లేని మొదటి కచేరీకి అక్క కాలు ఎవరి నోటా పడకూడదని మురిసిపోతూ తెచ్చావు. వేసుకోకపోతే మొహం మాడ్చుకుంటావని వేసుకున్నాను. ఒక్కసారి వేసుకున్నానని కచేరీల కాగితంతో పంపిన ఉత్తరంలో రాశాను చూడు, ఆ ఒక్కసారి అదే. నేను నీకు లెక్క పెట్టాను. నీకు వినపడలేదు. నువ్వు నా కోసం ఆగావు. నేను నీ కోసం ఆగాను. ఆ చెప్పులు నేల మీద దొంగల్లా నడిచాయి.

రెండోసారి నువ్వు వాయించింది బాగుంది. మావయ్య ఉంటే ట్రంపెట్ దించి నీ వైపు చూసేవాడు. ఎప్పుడూ చూడని మనిషి.

రాజీనామా ఇచ్చి ఏడవలేదుగా. నీ గదిలో మంచం వేయించాను. వచ్చే ఏడు కాగితానికి పేరు అడగడానికి అచ్చువేసేవాడు ఫోను చేస్తే, ఇకనుంచి చుక్కలు ఉండవని చెప్పాను.

పదకొండేళ్ళు. కొత్త చెప్పుల జత ఒకటి, ఇద్దరు వెధవలు. మావయ్య బతికుంటే ఆ జతే చేతికొకటి తీసుకుని మనిద్దరికీ చెరొకటి తగిలించేవాడు. ఆయన లేడు కాబట్టి నీ వంతుది ఈ పార్సిల్లో పెట్టి పంపుతున్నాను. కుడికాలిది. రెండోది నా దగ్గర ఉంచుకున్నాను, ఎవరూ చూడనప్పుడు దానితో నాకు నేనే ఒకటి వేసుకున్నాను.

నువ్వూ ఒకటి వేసుకుని రా.

అక్క